పూలకుండీలో పురుడు

జనగామ బోరు నీళ్లయినా, భూపాలపల్లి నల్లా నీళ్లయినా సిక్లిడ్ చేప పిల్లల్ని ఇంట్లో పెంచుకోవచ్చు. పెరిగిన పిల్లల్ని ఎక్కడ ఉంచాలన్నది మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

తొలకరికి కొత్త నీళ్లు చేరిన కొన్నాళ్లకు మానుకోట వైపు చెరువు గట్ల మీద నడుస్తుంటే, తుంగ వారన ఎర్రటి మరక ఒకటి నీటి మీద కదులుతూ కనిపించవచ్చు. అలవాటు లేని కళ్లకు అవేవో పూరేకులు. వల భుజాన వేసుకున్న మనిషికి మాత్రం చూపు పడగానే తెలిసిపోతుంది, అవి కొర్రమట్ట పిల్లలని. వందల పిల్లలు ఒకే ముద్దగా పైకొచ్చి మళ్లీ కిందికి జారతాయి. వాటి అడుగున జానెడు లోతులో నల్లగా తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. కప్ప దూకినా, ఇంకో చేప తోక ఆడించినా ఎగబడతాయి. ఆ పౌరుషమే ఒక్కోసారి వాటి ప్రాణం తీస్తుంది. పిల్లల గుంపు ఎక్కడుంటే పెద్ద చేప అక్కడే ఉంటుందని గాలం వేసేవాడికి తెలుసు కదా.

మన చెరువుల్లో ఇలా పిల్లల్ని సాకే చేపలు తక్కువ. రవ్వ, బొచ్చె, మెరిగ వాననీటి వరదలో లక్షల గుడ్లు వదిలి తమ దారిన తాము పోతాయి. అందులో ఎన్ని బతికితే అన్ని. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్ట అలా కాదు, గుడ్ల దగ్గర నుంచి పిల్లలు తమంతట తాము బతకగలిగేదాకా వెంట ఉంటుంది. ఈ సాకుడును చెరువు గట్టున చూడాలంటే అదృష్టం ఉండాలి. ముందు గదిలో కుర్చీ వేసుకుని రోజూ చూడాలంటే సిక్లిడ్ జత ఒకటి తెచ్చుకుంటే సరిపోతుంది.

సిక్లిడ్లది పెద్ద కుటుంబం. శాస్త్రవేత్తలు పేర్లు పెట్టినవే 1,700 జాతులు దాటాయి. ఆఫ్రికాలోని మలావి, టాంగన్యికా, విక్టోరియా సరస్సుల్లోను, మధ్య, దక్షిణ అమెరికా నదుల్లోను ఎక్కువ. మన దేశానివి మూడే జాతులు, అవీ దక్షిణాది నీళ్లలోనే. కేరళవాళ్లు కరిమీన్ అని ఇష్టంగా తినే చేప అందులో ఒకటి. అక్వేరియం దుకాణాల్లో మనం చూసే ఏంజెల్, డిస్కస్, ఆస్కార్, నుదుటి మీద పెద్ద బుడిపెతో ఉండే ఫ్లవర్‌హార్న్ అన్నీ ఈ ఇంటి బిడ్డలే. ఫ్లవర్‌హార్న్ మాత్రం ప్రకృతిలో లేదు. 1990లలో మలేసియాలో మనుషులు జాతులు కలిపి పుట్టించింది. దాన్ని వాస్తు చేప అని కొనుక్కున్నవాళ్లు పిల్లల కోసం చూస్తే తరచు నిరాశే మిగులుతుంది, మగవాటిలో చాలావాటికి సంతానం కలగదు. మొదటిసారి పిల్లల్ని పెంచాలనుకునేవాళ్లకు నేను చెప్పేది కాన్విక్ట్. ధర తక్కువ, మొండి ఘటం, ఒంటి మీద నల్లచారలు. మధ్య అమెరికా వాగుల చేప. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి దీనికి మొదట్లో సరిపోతుంది. అందులో యాభై ఆరు లీటర్ల దాకా నీళ్లు పడతాయి.

మూతితో మోసే కాపురం

తొట్టిలో మట్టి పూలకుండీ ఒకటి అడ్డంగా పడుకోబెట్టాలి. అంచు విరిగినదైనా పర్లేదు. జత కుదిరాక రెండూ కుండీ లోపలి గోడను మూతితో గీకి గీకి శుభ్రం చేస్తాయి. ఆడదాని పొట్ట మీద నారింజ రంగు ముదురుతుంది. ఒకనాడు కుండీ లోపలి పైకప్పుకు లేత గోధుమ రంగు గుడ్లు వరుసలుగా అంటుకుని ఉంటాయి. ఆడది అక్కడి నుంచి కదలదు, రెక్కలతో గుడ్ల మీదికి నీళ్లు విసురుతూనే ఉంటుంది. తెల్లగా బూజు పట్టిన గుడ్డును ఏరి పారేస్తుంది. మగది బయట గస్తీ. అద్దం మీద వేలు పెడితే వేలి మీదికి వస్తుంది.

మూడో రోజుకు గుడ్లు చిట్లుతాయి. వాటిలో నుంచి వచ్చినవాటిని అప్పుడే చేపలనలేం. పొట్ట కింద సొన సంచీ, వెనక తోక, అంతే. ఈదలేవు, వణుకుతూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. తల్లి వాటిని నోటితో పీల్చి, ముందే తవ్వి పెట్టుకున్న ఇసుక గుంటలో ఉమ్ముతుంది. రాత్రికి ఒక గుంట, పొద్దున ఇంకో గుంట. మొదటిసారి చూసినవాళ్లు అయ్యో తినేస్తోందని కంగారుపడి వల తెస్తారు. తేవద్దు. మరో నాలుగైదు రోజులకు సొన కరిగి, పిల్లలు లేచి ఈదుతాయి. అప్పుడు చూడాలి ఆ ఇల్లు. గుంపు ముందు ఒకరు, వెనక ఒకరు. తల్లి రెక్కలతో అడుగు ఇసుకను రేపుతుంది, లేచిన నలుసుల్లో పిల్లలు మేత వెతుక్కుంటాయి. రాలిన ఆకుంటే ఎత్తి తిరగేస్తుంది, దాని కింద ఉన్నది పిల్లలకు. సాయంత్రం గదిలో వెలుతురు తగ్గుతుంటే తండ్రి తప్పిపోయినవాటిని ఒక్కొక్కటిగా నోట్లోకి తీసుకుని తెచ్చి కుండీలో వదులుతుంది. పిల్ల నోట్లోకి వెళ్లగానే కదలడం మానేస్తుంది. వెనక్కి ఉమ్మాక ఒక క్షణం అలాగే పడి ఉండి, తర్వాత గుంపులో కలుస్తుంది.

జంతువుల ప్రవర్తన మీద పనికి 1973లో నోబెల్ పంచుకున్న కొన్‌రాడ్ లోరెంజ్ 1949లో ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో ఆయన తొట్టిలోని జ్యువెల్ సిక్లిడ్ తండ్రి కథ ఉంది. నోట్లో పురుగు పెట్టుకుని నములుతున్న ఆ తండ్రికి దారి తప్పిన పిల్ల కనిపించింది. అలవాటు కొద్దీ దాన్నీ నోట్లోకి తీసుకుంది. ఇప్పుడు నోట్లో ఉన్న రెండింటిలో ఒకటి మింగాల్సింది, ఒకటి ఇంటికి చేర్చాల్సింది. కాసేపు కదలకుండా నిలబడిపోయి, రెండింటినీ కిందికి ఉమ్మేసింది. పిల్ల మీద కన్ను వేసి ఉంచి పురుగును తిని, ఆ తర్వాత పిల్లను ఎత్తుకుని ఇల్లు చేరింది. చేపలకు బుర్రెక్కడిది అనేవాళ్లకు నేను ఈ కథే చెబుతుంటాను.

అందుకే గుడ్లు పెట్టగానే తీసి వేరే తొట్టిలో పొదిగించే పద్ధతి నాకు నచ్చదు. అమ్మకానికి పెంచేవాళ్లకు అది తప్పకపోవచ్చు. మన దుకాణాలకు సరుకు పంపే చెన్నై కొళత్తూరులో, కోల్‌కతాలో ఇంటింటా నడిచే కుటీర పరిశ్రమ ఇది. అక్కడ ఒక్క ఏంజెల్ గుడ్ల పట్టు పాడైనా నష్టమే. అందుకని గుడ్లున్న ఆకును కోసి, మిథిలీన్ బ్లూ వేసిన నీళ్లలో పెట్టి, గాలి బుడగలతో పొదిగిస్తారు. తల్లిదండ్రుల్ని చూడకుండా పెరిగిన ఏంజెళ్లు, తమ వంతు వచ్చినప్పుడు గుడ్లు తినేస్తున్నాయని పాత పెంపకందారులు చాలామంది అంటారు. ఇంట్లో మనకు లెక్క తగ్గినా నష్టం లేదు. మొదటి కాన్పు గుడ్లను జత తినేస్తే తిననివ్వండి. రెండోసారికో మూడోసారికో నేర్చుకుంటాయి.

డిస్కస్ విషయంలో మాత్రం తల్లిదండ్రుల్ని తీసేయడం కుదరదు. ఈత వచ్చిన పిల్లలు ఏకంగా వాటి ఒంటినే కొరుక్కు తింటాయి. ఆ రోజుల్లో తల్లికీ తండ్రికీ ఒంటి మీద జిగురు చిక్కబడుతుంది, ప్రొటీన్లూ రోగనిరోధక పదార్థాలూ అందులో పెరుగుతాయి. ఒకరు అలసిపోతే ఒంటిని ఒక్కసారి విదిలించి పిల్లల్ని రెండోవారి మీదికి పంపుతారు. మూడు వారాల ప్రాంతంలో పెద్దవి దూరం జరగడం మొదలుపెడతాయి. మన దక్షిణాది సిక్లిడ్లలో ఒకటైన ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలూ ఇలాగే తల్లిదండ్రుల ఒంటిని తాకుతూ జిగురు తింటాయి.

నీళ్లే మందు, నీళ్లే విషం

పిల్లలు చనిపోయేది ఎక్కువగా ఆకలితో కాదు, నీళ్లతో. జనగామ రాతినేల. బోర్లలో వచ్చేది చాలాచోట్ల గట్టి నీళ్లు, కొన్ని ఊళ్లలో ఫ్లోరైడూ ఉంటుంది. కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకునే నీళ్లలో డిస్కస్ గుడ్లు పొదగడం కష్టం, వాటికి మెత్తటి నీళ్లు కావాలి. వాన కాస్త జోరందుకున్నాక డాబా మీది నీళ్లు పట్టుకుని కలుపుకునేవాళ్లున్నారు. కాన్విక్ట్‌కు ఆ బాధ లేదు. మలావి సరస్సు చేపలైతే అసలు గట్టి నీళ్లనే కోరుకుంటాయి. ఊరి నీళ్లకు తగిన చేపను ఎంచుకోవడం తెలివైన పని. చేప కోసం నీళ్లను మార్చడానికి కూర్చుంటే మందు డబ్బాల ఖర్చు పెరగడమే తప్ప లాభం ఉండదు.

గట్టి నీళ్లలో దాగిన ప్రమాదం ఒకటుంది. చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి అంతగా హాని చేయదు, రెండోది మొప్పలను కాల్చేస్తుంది. వేడి 28 డిగ్రీలున్నప్పుడు, పీహెచ్ 7 దగ్గర ఆ విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. గట్టి నీళ్లలో తరచు ఉన్నట్టు పీహెచ్ 8 అయితే ఆరేడు పాళ్లవుతుంది. పక్క ఊరి నల్లా నీళ్లలో ఏ హానీ చేయని చిటికెడు మేత, ఇక్కడి బోరు నీళ్లలో తెల్లారేసరికి గుంపును తుడిచేయడం అందుకే. కొత్త తొట్టిలో ఈ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని లేని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా జతను తేకపోవడమే మంచిది.

మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ చూసుకోవాలి. బకెట్లో ఒక రోజంతా ఉంచినా సరే, దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసినా సరే. రోజూ నాలుగైదు మగ్గులు తీసి, అంతే వేడి ఉన్న నీళ్లు అన్నే నెమ్మదిగా పోయాలి. వారానికొకసారి తొట్టి మొత్తం కడిగి పెట్టే అలవాటు చేపలకు శత్రువు. పొదిగే తొట్టిలో మోటారు ఫిల్టర్ పెట్టకండి, పిల్లల్ని లాగేస్తుంది. ఒక స్పాంజి ఫిల్టర్, ఒక ఎయిర్ పంపు చాలు. స్పాంజిని నల్లా కింద కడగకూడదు, తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి, లేకపోతే ఆ సూక్ష్మజీవులు చస్తాయి.

ఎండకాలం సంగతి వేరు. వేడెక్కిన నీళ్లు గాలిని పట్టి ఉంచలేవు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. భూపాలపల్లి పక్కన చెల్పూరులో 1,100 మెగావాట్ల కరెంటు కేంద్రం ఉంది. అయినా మే నెల సాయంత్రం గాలిదుమారానికి తీగలు తెగితే ఆ ఊళ్లోనూ చీకటే. బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. లేనప్పుడు మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ కూర్చోవాలి, అదీ పని చేస్తుంది.

మేత విషయం తేల్చేస్తాను. ఈత వచ్చిన రోజు నుంచి ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్య పిల్లలు పెడితే అంతకు మించింది లేదు. అమెరికాలో ఉటా రాష్ట్రపు ఉప్పు సరస్సు నుంచి వచ్చే దాని గుడ్ల డబ్బాలే ఆంధ్ర తీరం రొయ్యల హ్యాచరీలకూ ఆధారం. లీటరు నీళ్లలో పాతిక గ్రాముల ఉప్పు వేసి, తలకిందులు చేసిన సీసాలో గుడ్లు పోసి, బుడగలు వదిలితే ఒక రోజు గడిచేసరికి నారింజ నలుసులు కదులుతాయి. పంపు ఆపి ఒక పక్క లైటు పెడితే అవన్నీ వెలుతురు దగ్గరికి చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. సన్న గొట్టంతో లాగి, గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి పెట్టాలి. తిన్న పిల్ల పొట్ట నారింజ రంగులో కనిపిస్తుంది, తినని పిల్లా తెలిసిపోతుంది. ఉడికిన గుడ్డు సొన గుడ్డలో పిండి వేసేవాళ్లున్నారు. అది పిల్లల కడుపు నింపేకంటే నీళ్లు చెడగొట్టేదే ఎక్కువ. చెరువు నుంచి పట్టి తెచ్చే నీటి పురుగులతో తూనీగ పిల్లలూ వస్తాయి, అవి చేప పిల్లల్ని వేటాడతాయి.

చెరువులో ఉన్న బంధువు

సిక్లిడ్ తల్లితనం ఎంత బలమైనదో తెలియాలంటే మన చెరువుల్లోకే చూడాలి. తిలాపియా, కొన్నిచోట్ల జిలేబి చేప అంటారు, ఆఫ్రికా సిక్లిడ్. 1952లో తిండికొరత తీరుతుందని మన దేశానికి తెచ్చారు. ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, ఆ రోజుల్లో దాదాపు తిండి మానేస్తుంది. పిల్లలు బయటికి వచ్చాక కూడా అలికిడి అయితే అన్నీ తల్లి నోట్లోకి పరుగెడతాయి. ఇంత భద్రంగా పెరిగాక చచ్చేవి ఎన్ని? రెండు మూడు నెలల వయసుకే గుడ్లకు వస్తుంది. చెరువు నిండిపోతుంది, మేత చాలదు, అన్నీ గిడసబారి అరచేతికి మించవు. కేంద్ర మత్స్య పరిశోధనా కమిటీ 1959లోనే పెంపకం వద్దని చెప్పింది. అప్పటికే ఆలస్యమైంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జాతుల పట్టికలో ఈ మొజాంబిక్ తిలాపియా ఉంది. కృష్ణా జిల్లా మాణికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తయారుచేసే, గిఫ్ట్ అనే మెరుగుపరిచిన తిలాపియా సంగతి వేరు. అవి చెరువులో పిల్లలు పెట్టి నిండిపోకుండా, దాదాపు అన్నీ మగవే అయ్యేలా చూసి రైతుకు ఇస్తారు.

ముదిరాజులు, గంగపుత్రులు సొసైటీల పేరున చెరువులో పోసేది రవ్వ, బొచ్చె, మెరిగ, బంగారుతీగ పిల్లలు. వలలో పడ్డ తిలాపియా కూడా మార్కెట్‌కు పోతుంది నిజమే. కానీ అది తిన్న మేత ఇంకో చేపకు దక్కాల్సింది.

కాకతీయుల చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. దానికి తోడు దేవాదుల పంపులు గోదావరి నీళ్లను ఎత్తి స్టేషన్ ఘన్‌పూర్, జనగామ వైపు పంపుతున్నాయి. భూపాలపల్లి జిల్లా గణపసముద్రమైనా, మానుకోట జిల్లా బయ్యారం పెద్ద చెరువైనా, దేనికదే విడిగా లేదు. ఒక ఇంటి తొట్టి నుంచి ఒక కుంటలో పడిన చేప ఆ కుంటలోనే ఉంటుందనుకోవడానికి వీల్లేదు. అక్వేరియం అద్దాలకు పట్టిన పాచి తింటుందని కొనుక్కున్న సక్కర్ చేప ఇప్పుడు కృష్ణా, గోదావరి వలల్ని చింపుతున్న దెయ్యం చేపగా మారింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్‌ఏను బట్టి తూర్పు కనుమల జలాశయాల్లో దాని జాడ పట్టారు. ఎవరో చంపలేక, జాలిపడి వదిలినవే అవి. కాన్విక్ట్ కూడా వేడి నీళ్ల ఊళ్లలో బతికి పిల్లలు పెట్టగల చేపే. దాని కాపలా ముందు మన పరక పిల్లలు నిలవవు.

జనగామ జిల్లాలోని బమ్మెర పోతన ఊరు. ఆయన భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్ర మోక్షం ఎంత పేరు పొందిందో, మత్స్యావతారం అంత నోట్లో నానదు. చేపలు పెంచే ప్రతి ఇంట్లో చదవాల్సిన కథ మాత్రం అదే. సత్యవ్రతుడనే రాజు కృతమాల నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వస్తుంది. వదలబోతే, పెద్ద చేపలు తింటాయి, కాపాడమంటుంది. రాజు కమండలంలో పెట్టుకుంటాడు. తెల్లారేసరికి కమండలం చాలదు. పెద్ద పాత్రలో వేస్తే అదీ చాలదు, మడుగూ చాలదు, సరస్సూ చాలదు. కథలో అది విష్ణువు కనుక చివరికి సముద్రం ఉంది. ముందు గదిలో మనకు ఉన్నది యాభై ఆరు లీటర్లు. ఒక కాన్పుకు నూరు, నూట యాభై, ఒక్కోసారి రెండొందల పిల్లలు. రెండు మూడు నెలల్లో ఒక్కోటి అంగుళం దాటుతుంది.

ఏం చేయాలి మరి? జిల్లా కేంద్రాల్లో కొందరు దుకాణదారులు అంగుళమున్నర పిల్లల్ని తీసుకుని బదులుగా మేత ప్యాకెట్టు ఇస్తారు. కాన్విక్ట్ కంటే ఏంజెల్ పిల్లలకు గిరాకీ ఎక్కువ. తోటి పెంపకందారులకు, బడిలో తొట్టి ఉంటే టీచర్లకు పది పది ఇవ్వవచ్చు, ఇచ్చేటప్పుడు చెరువులో వదలొద్దని నోరు తెరిచి చెప్పాలి. ఆస్కార్ లాంటి పెద్ద సిక్లిడ్లు ఉన్న ఇంటికి చిన్న పిల్లలు మేతగా పోవడం కొందరికి కష్టంగా ఉంటుంది. నాకూ అంత తేలిక కాదు. కానీ నదిలో రోజూ జరిగేది అదే, చెరువులో వదలడం కంటే ఎన్నో రెట్లు మేలు. తొట్టిలో తీసిన నీళ్లను గుడ్డలో వడకట్టి కుండీ మొక్కలకు పోయండి, నైట్రేట్ ఉన్న నీళ్లకు బంతి, టమాటా బాగా ఎదుగుతాయి. మురిక్కాలువలో పోస్తే వానలో ఆ కాలువ కూడా కుంటకే చేరుతుంది.

పిల్లల్ని వేరు చేసిన నెల తిరక్కుండా ఆడది మళ్లీ గుడ్లు పెడుతుంది. ఎన్ని ఉంచుకోవాలన్నది గుడ్లు చూసిన నాడే తేల్చుకోవడం మంచిది, కళ్లొచ్చి ఈదడం మొదలుపెట్టాక మనసొప్పదు. వద్దనుకుంటే గుడ్లున్న కుండీని తీసి ఎండలో పెట్టేయాలి. అసలు కొన్నాళ్లు పిల్లలే వద్దనుకుంటే మగదాన్ని ఒక తొట్టిలో, ఆడదాన్ని ఇంకో తొట్టిలో ఉంచాలి. రెండూ ఐదారేళ్లు, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే బతుకుతాయి.